బాబు నడవలేదు, గోడలకు రంగు పడలేదు, ఎండాకాలం వచ్చేసింది

ప్రశ్న: మాది శ్రీకాకుళం టౌను. మామగారు కట్టించిన పాత డాబా ఇల్లు. పాపకి నాలుగున్నరేళ్లు, జూన్‌లో యూకేజీకి వెళ్తుంది. బాబుకి పదకొండో నెల నడుస్తోంది. వాడింకా నడవట్లేదు. మంచం పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్తాడు, ప్లాస్టిక్ స్టూలు తోసుకుంటూ తిరుగుతాడు, చెయ్యి వదిలితే మాత్రం కూలబడిపోతాడు. మా ఆడపడుచు కొడుకు వీడికన్నా చిన్నవాడు, అప్పుడే ఇల్లంతా తిరిగేస్తున్నాడు. ‘మా గుంటడు తొమ్మిదో నెలకే నడిచీసినాడు, వీడికేటయింది’ అని మా అత్తగారు రోజూ అంటారు. మా తమ్ముడు జాలిపడి వాకర్ కొనిచ్చాడు. మా ఆయనకి ఆదివారం ఒక్కటే సెలవు. ఈ సమ్మర్‌లో చేయాల్సినవన్నీ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. అరకు, కళింగపట్నం, తేలినీలాపురం పక్షులు, శాలిహుండం, ఇంటికి రంగులు, పాపకి బొమ్మల గోడతో ఒక గది, డాబా మీద మొక్కలు, సింహాచలంలో బాబు పుట్టువెంట్రుకలు. చీటీ పాడిన 40 వేలు చేతిలో ఉన్నాయి. ఏప్రిల్ వచ్చేసింది, లిస్టులో ఒక్కటీ కదల్లేదు. అందరి స్టేటస్‌లు చూస్తుంటే టెన్షన్ వస్తోంది. దీనికి తోడు పాప ఈమధ్య మళ్లీ పక్క తడుపుతోంది. దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక తల్లి, శ్రీకాకుళం

సమాధానం: అమ్మా, మీ లిస్టులో చెడ్డ పని ఒక్కటీ లేదు. కాకపోతే సెలవులు ఎన్ని రోజులున్నాయో చూసుకుని వేసిన లిస్టు అది. ఇంట్లో రేపో మాపో నడక మొదలుపెట్టే పిల్లాడు ఉన్నాడన్నది చూసుకుని వేసి ఉంటే వరస తలకిందులయ్యేది. రంగులు సంక్రాంతికి పోతాయి, అరకు చలికాలానికి పోతుంది, లిస్టులో అసలు లేని మెట్ల గేటు మొదటికొస్తుంది.

ముందు బాబు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎప్పుడు కూర్చుంటున్నారు, ఎప్పుడు నిలబడుతున్నారు, ఎప్పుడు నడుస్తున్నారు అని ఏళ్ల తరబడి గమనించి 2006లో ఆ లెక్కలు బయటపెట్టింది. అందులో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. ఎవరి ఆసరా లేకుండా నడవడానికి వాళ్లు కట్టిన గడువు ఎంతో తెలుసా? 8 నెలలు దాటిన దగ్గర్నుంచి 17 నెలల పైదాకా. ఏడాది నిండేసరికి నడిచినవాళ్లు సుమారు సగం మందే. ఏదైనా పట్టుకుని నడవడానికైతే పదమూడున్నర నెలల దాకా టైముంది. మీవాడు అది ఇప్పుడే చేస్తున్నాడు. నూటికి నలుగురు పిల్లలు అసలు పాకకుండానే లేచి నిలబడ్డారని కూడా అందులోనే ఉంది. కాబట్టి మీ ఆడపడుచు కొడుకూ బాగానే ఉన్నాడు, మీవాడూ బాగానే ఉన్నాడు.

మీరు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? ‘తాతా’, ‘అత్తా’ లాంటి శబ్దాలు వరసపెట్టి అంటున్నాడా? టాటా చెప్పడం, చేతులు చాపి ఎత్తుకోమనడం ఉన్నాయా? నేల మీద పడ్డ అన్నం మెతుకుని బొటనవేలు, చూపుడువేలు కలిపి తీస్తున్నాడా? ఇవన్నీ ఉంటే నడక గురించి బెంగ పెట్టుకోకండి. ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా, ఒక చెయ్యి లేదా ఒక కాలే వాడుతూ రెండోదాన్ని ఈడ్చినట్టు అనిపించినా, నిన్నటిదాకా చేసిన పని ఇవాళ మానేసినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చూపించాలి. 18 నెలలు నిండినా నడక రాకపోతే అప్పుడు కూడా చూపించాలి. నెలలు నిండకుండా పుట్టి ఉంటే, ఎన్ని వారాలు ముందు పుట్టాడో అన్ని వారాలు తీసేసి వయసు లెక్క కట్టుకోవాలి. తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్-రుబెల్లా టీకా, దాంతోపాటు విటమిన్ ఏ చుక్కలు పడ్డాయో లేదో ఒకసారి కార్డు తీసి చూడండి. నడక హడావిడిలో చాలామంది ఇళ్లలో వెనకబడేది అదే.

ఇక అత్తగారు. ఆవిడ తన కొడుకు గురించి చెప్పే తొమ్మిదో నెల ముప్పై ఏళ్ల కిందటి తొమ్మిదో నెల. అప్పుడెవరూ రాసిపెట్టుకోలేదు, ఇప్పుడెవరూ కాదనలేరు. దాని మీద వాదనకి దిగకండి. మన పెద్దవాళ్లకి ఇంతకన్నా మంచి లెక్క ఒకటి ఉండేది, అది ఆవిడకి మీకన్నా బాగా తెలుసు. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, పలుకులొస్తే పంచదార చిలకలు. ఇందులో ఏ పిండివంటకీ నెల చెప్పలేదు చూడండి. పిల్లాడు ఎప్పుడు అడుగేస్తే అప్పుడే పాకం. ‘అత్తయ్యా, వీడి అడుగులకి అరిసెలు మీ చేత్తోనే చేయాలి, బియ్యం ఎప్పుడు నానబెట్టాలో మీరే చెప్పండి’ అని ఒక మాట అనేయండి. రేపట్నుంచి ఆవిడే వాడి కాళ్ల వంక చూస్తూ కూర్చుంటారు, పోలికలు తగ్గుతాయి.

వాకర్ మాత్రం తీసేయండి. తమ్ముడు ప్రేమతోనే ఇచ్చాడు, కాదనను. కానీ అందులో కూర్చున్న పిల్లాడు మునివేళ్ల మీద తోసుకుంటూ పోతాడు తప్ప, తన బరువు తను మోయడం నేర్చుకోడు. అందువల్ల నడక త్వరగా రాదు. పైగా మెట్ల దగ్గరికో పొయ్యి దగ్గరికో మనం ఒక్క అడుగు వేసేలోపు చేరిపోతాడు. ఇలా దెబ్బలు తగులుతున్నాయనే కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. పిల్లాడు వెనక నిలబడి తోసుకునే మూడు చక్రాల చెక్క బండి వేరే సంగతి, మీరెవరైనా పక్కనుంటే అది మంచిదే. అన్నిటికన్నా వాడు తోసే ఆ ప్లాస్టిక్ స్టూలే బాగుంది, కాకపోతే తేలికది కాబట్టి బోల్తా పడకుండా చూసుకోండి. ఇంట్లో చెప్పులు, సాక్సులు వద్దు. వట్టి కాళ్లతో గచ్చు మీద వదిలేయండి, ఈ ఎండలకి వాడికీ హాయి.

ఇల్లు ఎక్కడ మొదలుపెట్టాలో ఇప్పుడు చెప్తాను. ఒక పొద్దుట పనులన్నీ పక్కనపెట్టి మీరే నేల మీద కూర్చుని, బాబు కంటి ఎత్తులో ఇల్లంతా చూడండి. నిలబడి చూస్తే కనపడనివి చాలా కనపడతాయి. సింకు కింద ఫినాయిల్, యాసిడ్ సీసాలు. గోడ ప్లగ్గులో దోమల మందు బుడ్డి, దాని నుంచి ద్రవం కారిన మరక. కూలరు వైరు. టీవీ కింద వేలాడే గుడ్డ, అది లాగితే టీవీ మీదికే వస్తుంది. స్నానాల గదిలో నిండుగా పట్టి ఉంచిన బకెట్. ఈ బకెట్ దగ్గర ఎక్కువ చెప్పాలి. మన టౌనులో కుళాయి ఎప్పుడొస్తే అప్పుడు గిన్నెలన్నీ నింపుకోవడం అలవాటు. నడక నేర్చుకునే పిల్లాడికి తల బరువు. వంగి బకెట్‌లోకి తొంగి చూసి తలకిందులుగా పడితే మళ్లీ లేవలేడు, జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు. అరుపు కూడా వినపడదు. నీళ్లు మూతలున్న డ్రమ్ముల్లో పట్టండి, ఖాళీ బకెట్లు బోర్లించండి, స్నానాల గది తలుపుకి పైన గడియ పెట్టించండి. సంపు ఉంటే దాని మూతకి తాళం వేయండి, బండరాయి పెడితే సరిపోదు.

తర్వాత డాబా మెట్లు. పాత ఇళ్లలో బయటి నుంచి మెట్లుంటాయి, కింద గేటు ఉండదు, పైన పిట్టగోడ మోకాళ్ల ఎత్తే ఉంటుంది. వెల్డింగ్ షాపు అతన్ని పిలిచి కింద ఒకటి, పైన ఒకటి గేట్లు పెట్టించండి. ఊచలు నిలువుగా ఉండాలి. అందం కోసం అడ్డంగా పెడితే పాపకి నిచ్చెన కట్టించినట్టే. ఊచకీ ఊచకీ మధ్య సందు మూడున్నర అంగుళాలు దాటకూడదు. గేటు కొలతలు రాసుకునేటప్పుడు ఈ మాట అతనితో గట్టిగా చెప్పండి, లేకపోతే వాళ్లకి అలవాటైన కొలతకే చేసేస్తారు. చీటీ డబ్బులో మొదటి ఖర్చు ఇదే కావాలని నా సలహా.

రెండో ఖర్చు డాబా పైకప్పు. జూన్‌లో వానలు పడతాయి, ఆలోగా పగుళ్లు పూడ్పించాలి. అది అయ్యాక దాని మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి. తెల్లటి కప్పు ఎండని వెనక్కి కొట్టేస్తుంది, కింద గది 2, 3 డిగ్రీలు చల్లబడుతుంది. మిట్టమధ్యాహ్నం పిల్లలు నిద్రపోయే గదికి అది చిన్న తేడా కాదు. సంచుల్లో దొరికే పొడి సున్నం కొనండి. రాతి సున్నం తెచ్చి ఇంట్లో నీళ్లు పోస్తే అది కుతకుతలాడుతుంది, చిటపటమని ఎగిరిపడుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పొడి సున్నాన్ని ముందురోజు రాత్రి డ్రమ్ములో నానబెట్టి, పొద్దున పలచటి గుడ్డలో వడగట్టి, రాలిపోకుండా కాస్త ఫెవికాల్ కలిపి, ఎండ దిగాక సాయంత్రం వేయాలి. ఎండలో వేస్తే పట్టకముందే ఆరి పొలుసులుగా లేచిపోతుంది. ఈ పని మీ ఆయన ఒక ఆదివారం సాయంత్రం చేసుకోగలరు, కళ్లద్దాలు పెట్టుకోమనండి. డబ్బుంటే కూల్ రూఫ్ పెయింట్ ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. సున్నమైతే ఏటా వేసుకోవాలి, కానీ చవక.

రంగులు ఇప్పుడొద్దు అనడానికి రెండు కారణాలు. ఒకటి, మామగారు కట్టించిన ఇల్లంటున్నారు, అంటే తలుపులకి కిటికీలకి పాత ఎనామిల్ పెయింట్ పొరలు పొరలుగా ఉండి ఉంటుంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. పనివాళ్లు వచ్చీ రాగానే చేసేది ఎండు ఎమెరీ కాగితంతో రుద్దడం. ఆ పొడి నేల మీద పడుతుంది, పాకే పిల్లాడి చేతికి అంటుతుంది, ఆ చెయ్యి నోట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, కొద్ది మోతాదైనా మంచిది కాదు. ఎప్పుడు వేయించినా సరే, పాత రంగుని తడిపి గోకాలి, పొడిగా రుద్దకూడదు. పని నడిచే రోజుల్లో పిల్లల్ని మీ పుట్టింట్లో పెట్టండి. వాళ్లు తిరిగొచ్చేలోపు గదులన్నీ తడిగుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడిపించండి.

రెండో కారణం చెప్తే మీకు నవ్వొస్తుంది. మీవాడు ఇంకో నాలుగైదు నెలల్లో పెన్సిలో బొగ్గో ఏది దొరికితే అది పట్టుకుంటాడు. ఇప్పుడు వేయించిన కొత్త గోడ వాడికి పలక. వానలు, ఆ తర్వాత అక్టోబరు తుపాన్లు దాటాక, ఎలాగూ సంక్రాంతికి మనం ఇళ్లకి సున్నాలు వేసుకునేవాళ్లమే. అప్పుడు వేయించండి, చెమ్మ కూడా ఆరి ఉంటుంది. బొమ్మల గోడ గదిలో పాప ఒక్కతే పడుకుంటుందా అంటే, ఇప్పట్లో పడుకోదు. ఆ డబ్బు దాచండి. ఒక గోడకి చేతికందే ఎత్తులో బ్లాక్‌బోర్డు పెయింట్ వేసి సుద్దముక్కలిస్తే ఇద్దరికీ సరిపోతుంది.

పాప దగ్గరికొద్దాం. నా దృష్టిలో మీ ఉత్తరంలో అసలు విషయం, చివర్లో పాప పక్క తడుపుతోందన్న ఆ మాటలోనే ఉంది. ఐదేళ్లలోపు పిల్లలు రాత్రి పక్క తడపడాన్ని డాక్టర్లు జబ్బుగా లెక్కపెట్టరు. ఆగిపోయి మళ్లీ మొదలవడం కూడా, ఇంట్లో తమ్ముడు పుట్టి అందరి కళ్లూ వాడి మీదికి మళ్లినప్పుడు తరచూ కనిపించేదే. మీ ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి వాడి కాళ్ల గురించే మాట. పాప వింటోంది కదా. మూత్రం పోసేటప్పుడు మంటన్నా, జ్వరమున్నా, నీళ్లు విపరీతంగా తాగుతూ బరువు తగ్గుతున్నా డాక్టరుకి చూపించండి. అవేవీ లేకపోతే తిట్టకుండా, అత్తగారి ముందు ఆ మాట ఎత్తకుండా, దుప్పటి మార్చేసి ఊరుకోండి. పడుకునే ముందు బాత్రూంకి పంపండి. ఎండాకాలం కదా, నీళ్లు తగ్గించకండి.

దానికి మందు, డాబా మీది మొక్కల పని మొత్తం పాప చేతికి ఇవ్వడమే. పెద్ద పెద్ద గ్రో బ్యాగులు, డ్రిప్ పైపులు ఏమీ వద్దు. రెండు పాత ప్లాస్టిక్ టబ్బులకి అడుగున కన్నాలు పెట్టి, మట్టి, మాగిన పశువుల ఎరువు సగం సగం నింపి గోంగూర, తోటకూర చల్లించండి. తోటకూర విత్తనం ఆవగింజలో సగం కూడా ఉండదు. పాప గుప్పిట్లో పట్టుకుని చల్లితే అంతా ఒకే మూల పడుతుంది, అందుకని గుప్పెడు ఇసుకలో కలిపి ఇవ్వండి. పైన పలచగా మట్టి, దాని మీద గోనెసంచి ముక్క. నాలుగైదు రోజులకి సంచి కింద మొలకలు కనపడతాయి, అప్పుడు సంచి తీసేసి మధ్యాహ్నం ఎండ తగలని గోడ వారకి జరపాలి. నీళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, చిన్న చెంబుతో పాపే పోయాలి. ఇది తమ్ముడికి అక్కర్లేని పని, అక్కకి ఒక్కదానికే ఉన్న పని. నెల తిరిగేసరికి కోతకొస్తుంది. గేట్లు పెట్టేదాకా మాత్రం టబ్బులు కింద వాకిట్లోనే ఉంచండి.

ఆ కోసిన గోంగూరతో శ్రీకూర్మం వెళ్లండి. మీ టౌనుకి అంత దగ్గర్లో, చిన్నపిల్లలకి అంతగా నచ్చే చోటు ఇంకోటి నాకు తోచట్లేదు. గుడి వెనక నక్షత్ర తాబేళ్లున్నాయి, వీపు మీద పసుపు గీతలు చుక్క చుట్టూ కిరణాల్లా పరుచుకుని ఉంటాయి. అక్కడ చూసుకునేవాళ్లని అడిగి పాప చేత్తోనే ఆకులు వేయించండి. బాబు కూడా కింద కూర్చుని చూడొచ్చు, తాబేలు వాడికన్నా నెమ్మదిగానే నడుస్తుంది. గుడికి రెండు ధ్వజస్తంభాలుంటాయి, ఎందుకు రెండున్నాయో పాప అడిగితే పూజారిగారినే అడగమనండి. తాబేలు పిల్లని ఇంటికి తీసుకెళ్దామని కూడా అడుగుతుంది. అది చట్టప్రకారం నేరమని ఇప్పుడే చెప్పేయండి.

కళింగపట్నం వెళ్లండి, కానీ తెల్లారగట్ల. ఈ రోజుల్లో మనకి ఐదున్నరకే వెలుగొచ్చేస్తుంది. ఆరింటికి అక్కడుంటే వంశధార సముద్రంలో కలిసేచోట ఇసుక ఇంకా చల్లగా ఉంటుంది, ఎనిమిదింటికి తిరుగు ప్రయాణం. మెత్తటి ఇసుక మీద నడక నేర్చుకునే పిల్లాడు పడినా దెబ్బ తగలదు, వాణ్ని పట్టుకుని నాలుగడుగులు వేయించడానికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది. నీళ్లలోకి మాత్రం దిగకండి. మన తీరం చాలాచోట్ల ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి పోయే అల లాగేస్తుంది, నదీముఖం దగ్గర మరీను. పెద్దవాళ్లు కూడా మోకాలి నీళ్ల దగ్గరే ఆగాలి. ఈ తీరం పొడవునా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ గుడ్లని కంచె కట్టి కాపాడి, పొదిగిన పిల్లల్ని సముద్రంలోకి వదిలే కాలం ఇదే. అటవీశాఖ వాళ్లని అడిగితే ఎక్కడ, ఏ రోజు వదులుతున్నారో చెప్తారు. కుదిరితే పాపని తప్పకుండా తీసుకెళ్లండి. ఫోను ఫ్లాష్ వేయొద్దు.

తేలినీలాపురం లిస్టులోంచి కొట్టేయండి. ఆన్‌లైన్‌లో కనపడే ఫొటోలన్నీ చలికాలంవి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. మేలో టెక్కలి దాకా ఎండలో వెళ్తే చెట్లు చూసి రావాలి. డిసెంబరులో వెళ్లండి. పక్షులు చూడాలని పాప మరీ పట్టుబడితే, వానలు మొదలయ్యాక ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగొట్టు కొంగలొస్తాయి. శాలిహుండం కూడా అంతే, కొండ ఎక్కాలి, పైన నీడ తక్కువ. బౌద్ధ స్తూపాలు రెండు వేల ఏళ్లుగా అక్కడే ఉన్నాయి, కార్తీకమాసం దాకా మీకోసం ఆగుతాయి.

వాటి బదులు పొందూరు చూడండి, నీడపట్టున జరిగే పని కాబట్టి పిల్లలకి ఎండ దెబ్బ ఉండదు. అక్కడ ఖద్దరు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకి దువ్వెన పళ్లలా సన్నటి పళ్లుంటాయి, దాంతో దువ్వితే నలకలన్నీ రాలి దూది పొగలా విచ్చుకుంటుంది. చేప పళ్లతో బట్ట తయారవుతుందని తెలిస్తే నాలుగున్నరేళ్ల పిల్ల నెల రోజులు అదే చెప్పుకుంటుంది. ముందురోజు ఫోన్ చేసి పని ఉందో లేదో కనుక్కుని వెళ్లండి. బాబు వేలు ఎక్కడా కదురు దగ్గరికి పోనివ్వకండి.

అరకు ఈసారి మానేయమంటాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో చంటిపిల్లాడితో ప్రయాణం కష్టం, మేలో జనం, రూములకి రెట్టింపు రేట్లు. చూడ్డానికి కూడా కొండలు ఎండిపోయి ఉంటాయి. వలిసె పూలు పూసి లోయ పసుపుపచ్చగా ఉండే నవంబరు, డిసెంబరుల్లో, కొత్తవలస మీదుగా వెళ్లే కిరండూల్ రైల్లో వెళ్లండి. ఆ లైనులో 58 సొరంగాలున్నాయి, పాప లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. అప్పటికి బాబు కూడా కిటికీ పట్టుకుని నిలబడతాడు.

ఎక్కడికెళ్లినా తొమ్మిదింటికల్లా నీడకి చేరాలి. బాబుకి తల్లిపాలు అడిగినప్పుడల్లా ఇవ్వండి, కాచి చల్లార్చిన నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. ముంజలు పైపొర తీసి చిదిమి పెట్టొచ్చు, చోడి అంబలి పలచగా కాచి పట్టొచ్చు. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, ఎవరిచ్చినా సరే. పల్లీలు, జీడిపప్పు పలుకులుగా పెట్టకండి, గొంతుకి అడ్డం పడతాయి. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు రెండు సంచిలో ఉంచుకోండి, దాని మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉండాలి. పళ్లరసం డబ్బాల్లో వచ్చే తియ్యటివి అందుకు పనికిరావు. పిల్లలు నిద్రపోతున్నారని ఆగి ఉన్న కారులో ఐదు నిమిషాలు కూడా వదలకండి.

మీ ఆయన ఆదివారం మొత్తం ఊళ్లు తిరగడానికే పోతే ఆయనకీ విసుగొస్తుంది. ఒక ఆదివారం పొద్దున బయటికి, ఇంకో ఆదివారం సాయంత్రం ఇంటి పని, ఇలా మార్చి మార్చి పెట్టుకోండి. మామూలు రోజుల్లో సాయంత్రం ఆరు తర్వాత దగ్గర్లోని పార్కుకో మైదానానికో పిల్లల్ని తీసుకెళ్తే చాలు, అది కూడా ఔటింగే. స్టేటస్ పెట్టకపోయినా పిల్లలకి అది జరిగినట్టే. డబ్బు విషయానికొస్తే గేట్లు, గడియలు, పైకప్పు అయ్యాక మిగిలింది కదపకండి. రంగులకి ఎనిమిది నెలల టైముంది, చేతిలో ఉన్నదానికి ఇంకొంచెం కలుస్తుంది.

పుట్టువెంట్రుకలు ఒక్కటే ఈ నెలలో పెట్టుకోవాల్సిన పని. మీ అత్తగారికి బేసి నెల పట్టింపు ఉంటే ఈ పదకొండో నెల సరిపోతుంది, లేదంటే మూడో ఏడు. ఏ రోజైనా వెళ్లండి కానీ అక్షయ తృతీయ నాడు మాత్రం వద్దు. ఆ రోజు సింహాచలంలో చందనోత్సవం, ఏడాదికి ఒక్కసారే స్వామి నిజరూపం కనపడేది, కొండ మీద ఇసుకేస్తే రాలదు. చంటిపిల్లాడితో ఆ క్యూలో నిలబడలేరు. దానికి ముందూ వెనకా రోజులు వదిలేసి, శని, ఆదివారాలు కూడా వదిలేసి, మీ ఆయన్ని ఒక్కరోజు సెలవు పెట్టమనండి. ముందురోజు రాత్రికే విశాఖ చేరి పొద్దున్నే కొండెక్కితే ఎండకి ముందే దిగొచ్చేస్తారు. కొత్త బ్లేడు మీ ముందే మార్చమని అడగండి, మొహమాటపడకండి. గుండు అయ్యాక బాబు తలకి మెత్తటి నూలు టోపీ పెట్టండి. పాపకి కూడా ఒకటి కొనండి, లేకపోతే దార్లో అదొక గొడవ.